కర్బూజ రసం, రెండు జగ్గులు

మా అవ్వ ఉన్నన్ని రోజులు శ్రీరామనవమికి మా ఇంట్లో రెండు పానకాలు చేసేవాళ్లు. ఒకటి అందరూ చేసేదే, బెల్లం, మిరియాలు, శొంఠి వేసిన పానకం. ఇంకొకటి కర్బూజ పానకం. తాత పుంగనూరు పక్క పల్లె విడిచి ముళబాగిలుకు వచ్చి స్థిరపడిన తర్వాత, ఇక్కడి కన్నడ ఇండ్లల్లో చూసి అవ్వ నేర్చుకునిందంట. బాగా మాగిన కర్బూజను రెండుగా కోసి, గింజలు తీసేసి, గుజ్జును గరిటెతో గీకి, చేత్తో పిసికేది. దాంట్లో వడగట్టిన బెల్లం నీళ్లు, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు. అంతే. మిక్సీ కొన్న తర్వాత కూడా దీనికి మిక్సీ వాడనిచ్చేది కాదు. "పండు పంటికి తగలల్ల, లేకుంటే అది పానకమా?" అనేది.

ఇప్పుడు రాసేది ఆ పానకం గురించి కాదు. అదే పండుతో, బెంగళూరులో మా ఇంట్లో, రెండేండ్ల కింద మేము చేసిన ఒక రంగురంగుల కాక్‌టెయిల్ గురించి. ఇంటి సంగతులు రాసుకునే ఈ చోట మందు సంగతి ఏల అని పెద్దవాళ్లు అనుకోవచ్చు. చివరిదాకా చదివితే ఏల రాసినామో తెలుస్తుంది. మా చిన్నాయన దగ్గర అడిగి, ఆయన సరేనన్న తర్వాతనే రాస్తా ఉండాము.

మేము అంటే మేమిద్దరం, మొగుడూ పెండ్లామూ. ఒకరిది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, ఇంకొకరిది బడిలో పాఠాలు చెప్పే పని. ఇద్దరిదీ కన్నడ మీడియం చదువే. తెలుగు అక్షరాలు ఇంట్లో అవ్వ దగ్గర కొన్ని, ఆంధ్రా బస్సుల బోర్డులు చూసి కొన్ని నేర్చుకున్నాము. కన్నడ లిపికి దగ్గర కాబట్టి కష్టం కాలేదు గానీ తప్పులు పోవు. చదివేవాళ్లు సర్దుకోవాల.

ఆ సంవత్సరం మా చిన్నాయన కూతురికి, అంటే మా చెల్లెలికి, మొదటి ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లోనే చిన్న విందు పెట్టుకుందాము అనుకున్నాము. ఆ పిల్ల ఫోన్‌లో ఒక ఫోటో పంపించింది. పొడుగు గ్లాసులో అడుగున చిలకపచ్చ రంగు, పైన నారింజ రంగు, అంచుకు ఒక కర్బూజ ముక్క. "వదినా, ఇట్లాంటిది చేద్దామా? నా ఫ్రెండ్సు నలుగురు వస్తారు. కర్బూజ మనింటి పండే కదా" అనింది. కాదనడానికి మాకు కారణం కనపడలేదు.

ఆ పచ్చరంగు ఎక్కడిదో వెతికితే, అది మిడోరి అనే లిక్కరుది. జపాను భాషలో మిడోరి అంటే ఆకుపచ్చ అని అర్థం. జపాను కంపెనీ సంటోరి దీన్ని 1978లో అమెరికాలో విడుదల చేసింది. న్యూయార్కులో స్టూడియో 54 అనే డ్యాన్సు క్లబ్బులో పార్టీ పెట్టి మొదలుపెట్టినారు. కర్బూజ జాతి పండ్ల రుచి, చక్కెర బాగా ఎక్కువ, ఆల్కహాలు సుమారు 20 శాతం. దీంతో చేసే పానీయాలు చానా ఉండాయి. 1984లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పుట్టిన జపనీస్ స్లిప్పర్ అనేదాంట్లో మిడోరి, క్వాంత్రో, నిమ్మరసం మూడూ 30 మి.లీ. చొప్పున సమానంగా వేస్తారు. మాకు తెలిసిన ఒకాయన జపాను పోయి వస్తూ ఒక మిడోరి సీసా తెచ్చి ఇచ్చి ఉన్నాడు. అది అలమారలో మూత తీయకుండా పడి ఉండె.

టెస్టింగ్ పని చేసేవాళ్లకు ఒక చెడ్డ అలవాటు. ఏదైనా ఒకసారి చేసి బాగుందని వదిలేయరు. అంతకుముందు శని, ఆదివారాలు రెండు రోజులు వంటింట్లో నోటుబుక్కు పెట్టుకొని కూర్చున్నాము. మందు కొలిచే చిన్న కప్పు లేదు. దగ్గు మందు సీసాతో వచ్చిన ప్లాస్టిక్ మూత మీద గీతలుంటాయి కదా, దాంతో కొలిచినాము.

మొదటి తప్పు పండుది. సంతలో తెచ్చిన కర్బూజ కోస్తే లోపల నారింజ రంగు బాగుంది గానీ వాసన లేదు, తీపి లేదు, కీరకాయ తిన్నట్టు ఉండె. చిన్నాయనకు ఫోన్ చేస్తే నవ్వినాడు. "రంగు చూసి కొంటారేమిరా! తొడిమ దగ్గర ముక్కు పెట్టి చూడల్ల. అక్కడ వాసన వస్తేనే పండు. తొడిమ దానంతట అది ఊడొచ్చి ఉండల్ల, కత్తితో కోసినట్టు ఉండకూడదు. విందుకు కావాల్సిన పండ్లు నేను తెస్తాలే, మీరు కొనొద్దండి" అన్నాడు. కర్బూజ విషయంలో ఆయన మాటకు మా ఇంట్లో తిరుగు లేదు. అవ్వ ఉన్నప్పుడు కూడా నవమి పండ్లు ఏరేది ఆయనే.

రెండో తప్పు రంగులది. మిడోరి, వోడ్కా ముందే కలిపిపెట్టి, గ్లాసులో కర్బూజ రసం పోసి, దానిపైన ఈ మిశ్రమాన్ని వంచితే అడుగుకు దిగలేదు. అంతా కలిసిపోయి బురద రంగు వచ్చింది. ఎందుకని చూస్తే లెక్క తేటగానే ఉంది. చక్కెర కలిసిన ద్రవం నీళ్ల కంటే బరువు. ఆల్కహాలు నీళ్ల కంటే తేలిక, మి.లీ.కు 0.79 గ్రాములే. మిడోరిలో ఆల్కహాలు ఉన్నా చక్కెర ఎక్కువ కాబట్టి ఒక్కదాన్నే పోస్తే అడుగుకు దిగుతుంది. వోడ్కా కలిపినామంటే తేలికై పైనే తిరుగుతా ఉంటుంది. అందుకని వోడ్కాను కర్బూజ రసంలో కలిపేసినాము. అప్పుడు రసం ఇంకా తేలికైంది, మిడోరి బుద్ధిగా అడుక్కు పోయి కూర్చునింది. ఫోటోలో ఉన్నట్టే అడుగున పచ్చ, పైన నారింజ. మా ఇద్దరికీ పరీక్ష పాసైనంత సంతోషం.

చివరికి ఒక గ్లాసుకు కుదిరిన కొలత ఇది. వడగట్టిన కర్బూజ రసం 60 మి.లీ., నిమ్మరసం 15 మి.లీ., వోడ్కా 15 మి.లీ., చిటికెడు ఉప్పు. గ్లాసు నిండా ఐసు వేసి ఇది పోయాల. తర్వాత మిడోరి 30 మి.లీ. గ్లాసు అంచు వెంబడి మెల్లగా వంచాల. చివర కొంచెం సోడా, అదీ చెంచా వెనక మీద పోస్తేనే రంగులు చెదరవు. తాగితే మందు తాగినట్టే ఉండదు. పండ్ల రసమే అనిపిస్తుంది.

అది చూసి ఇంకో లెక్క కూడా వేసినాము. మిడోరి 30 మి.లీ.లో ఆల్కహాలు 6 మి.లీ. మన దేశంలో అమ్మే వోడ్కా 42.8 శాతం కాబట్టి 15 మి.లీ.లో 6.4. మొత్తం 12.4. ఒక చిన్న పెగ్గు విస్కీ, 30 మి.లీ., అందులో ఉండేది 12.8. అంటే ఈ అందమైన గ్లాసు, ఒక పెగ్గు విస్కీ, రెండూ ఇంచుమించు ఒకటే. నోటికి మాత్రం తెలియదు. ఆ లెక్కను నోటుబుక్కులో రాసుకున్నాము కూడా. రాసుకొని, దాని కింద గీత గీసి, దాని గురించి మళ్లీ ఆలోచించలేదు.

ఇక్కడ చిన్నాయన సంగతి చెప్పాల. మేము చిన్నగా ఉన్నప్పుడు ఆయన ప్యాకెట్ సారాయి తాగేవాడు. ఆ కాలంలో కర్ణాటకలో ప్లాస్టిక్ పొట్లాలలో అమ్మేవాళ్లు. పంటితో కొరికి, మూల చించి, నోట్లో పిండుకోవడమే. 2007 జులై 1 నుంచి ప్రభుత్వం సారాయి అమ్మకం నిలిపేసింది. ఆ రోజు చిన్నమ్మ దేవునికి టెంకాయ కొట్టింది. నెల తిరక్కుండానే ఆయన బ్రాందీ షాపులో క్వార్టరుకు మారినాడు. ఖర్చు పెరిగింది, తాగుడు తగ్గలేదు. 2016లో ఒకసారి పంతానికి తనే మానేస్తానని రెండు రోజులు ఇంట్లో పడుకుంటే చేతులు వణికి, ఫిట్సు వచ్చింది. ఏండ్ల తరబడి రోజూ తాగినవాళ్లు డాక్టరు లేకుండా ఒక్కసారిగా మానేస్తే అట్లా ప్రాణం మీదికి వస్తుందని మాకు అప్పటిదాకా తెలియదు. తర్వాత బెంగళూరు నిమ్హాన్స్‌లో చేర్చినాము. ఒకసారి మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ చేరి, 2017లో మానేసినాడు. అప్పటి నుంచి ముట్టలేదు.

విందుకు చిన్నాయన, చిన్నమ్మ కూడా వస్తారు కాబట్టి మందు లేనిది కూడా చేయాల. ఇక్కడ మేము మంచి మనసుతోనే ఒక నిర్ణయం తీసుకున్నాము. మందు తాగనివాళ్లకు వేరే గ్లాసులో తెల్లటి సోడానో, మజ్జిగో ఇస్తే వాళ్లను పక్కన పెట్టినట్టు ఉంటుంది. చిన్నాయనకైతే అందరి ముందర చూపించినట్టు ఉంటుంది. అందుకని రెండూ చూడడానికి ఒకటే మాదిరి ఉండాల అనుకున్నాము. మిడోరి బదులు ఖస్ సిరప్ 15 మి.లీ. వేసినాము. అదీ పచ్చగానే ఉంటుంది, చక్కెర పాకమే కాబట్టి అడుక్కే దిగుతుంది. వోడ్కా బదులు అల్లం రసం అర చెంచా, గొంతులో ఆ మంట కోసం. ఎన్నిసార్లు చూసుకున్నా కండ్లకు తేడా తెలియలేదు. మా పనితనానికి మేమే మురిసిపోయినాము.

విందు రోజు మధ్యాహ్నం చిన్నాయన ముళబాగిలు నుంచి బస్సులో రెండు సంచులు మోసుకొని దిగినాడు. ఏడు పండ్లు. సంచి విప్పితే ఇల్లంతా వాసన. ఆయనే కూర్చొని కోసి, గింజలు వేరే గిన్నెలో తీసి, "ఎండబెట్టి ఒలిచి పెట్టండి, పారేయొద్దు" అని చెప్పినాడు. ఆ రసంతోనే రెండు జగ్గులు నింపినాము. ఒక జగ్గుకు ఎర్ర స్టిక్కరు, అది మందు కలిపింది. ఇంకోదానికి పచ్చ స్టిక్కరు. ఎర్రదాని గ్లాసులు స్టీలు ట్రేలో, పచ్చదానివి ప్లాస్టిక్ ట్రేలో. వంటింట్లో నిలబడి మేమిద్దరమే పోసినాము. అంతా పక్కా అనుకున్నాము.

అప్పుడు వేడివేడిగా బజ్జీలు వచ్చినాయి. ప్లేటు పెట్టడానికి చోటు లేదు. మాలో ఒకరు స్టీలు ట్రేలోని రెండు గ్లాసులు తీసి పక్క ట్రేలో పెట్టి బజ్జీలకు చోటు చేసినారు. ఎవరు చేసినారు అని తర్వాత చానాసార్లు మాట్లాడుకున్నాము. ఇప్పుడు దాని పేరు రాయనవసరం లేదు. ఇద్దరమూ అక్కడే ఉన్నాము, ఇద్దరమూ చూసినాము, ఇద్దరికీ ఏమీ తోచలేదు.

హాల్లో అందరూ గ్లాసులు తీసుకున్నారు. చెల్లెలి ఫ్రెండ్సు ఫోటోలు తీసుకుంటా ఉండిరి. చిన్నాయన తన గ్లాసు ఎత్తి, వెలుతురుకు పెట్టి రంగులు చూసి, "బాగా చేసినారే!" అన్నాడు. పెదాల దగ్గరికి తెచ్చినాడు. ఆగినాడు.

మేము ఆయన ఎదురుగానే నిలబడి ఉన్నాము. గ్లాసు ఆయన ముక్కు కింద అట్లే ఉండిపోయింది. మొహంలో ఏమీ మారలేదు. కాసేపటికి చెయ్యి కిందికి దించి, గ్లాసు టేబుల్ మీద పెట్టి, "ఇది నాది కాదమ్మా" అన్నాడు, మెల్లగా, పక్కవాళ్లకు కూడా వినపడనట్టు. లేచి మిద్దె మీదికి పోయినాడు.

రెండో గ్లాసు ఎక్కడ? ఆ ఆలోచన వచ్చేసరికి మాకు ఒళ్లు చల్లబడింది. ప్లాస్టిక్ ట్రే దగ్గర ఇద్దరు చిన్నపిల్లలు కూడా ఉండిరి. ఒకరం పరిగెత్తి ట్రే మొత్తం వంటింట్లోకి తెచ్చేసినాము. ఒక్కొక్క గ్లాసూ వాసన చూస్తే, ఆ రెండోది ఇంకా ఎవరూ ముట్టకుండా ట్రేలోనే ఉండె. అది మా అదృష్టం. మా జాగ్రత్త ఏమీ లేదు.

మిద్దె మీదికి ఇద్దరమూ పోయినాము. చిన్నాయన నీళ్ల ట్యాంకు పక్కన గోడకు ఆనుకొని నిలబడి ఉండాడు.

"తప్పయిపోయింది చిన్నాయనా. గ్లాసులు మారిపోయినాయి."

"తాగలేదురా. ముక్కు దగ్గరికే వచ్చింది" అన్నాడు. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"పండు వాసనలో అది కలిసిపోయింది. ఇంకొకరైతే కనుక్కోలేరు. నాకు ముక్కు మర్చిపోదు" అన్నాడు. "సారాయి తాగేటప్పుడు ముక్కు మూసుకొని మింగేవాళ్లం. అంత కంపు. అది మందు అని దానికదే చెప్పేది. ఇదేమో ఏమీ చెప్పదు. తీపి. రంగు. పిల్లోళ్లు రెండు గుక్కల్లో తాగేస్తారు."

నోటుబుక్కులో గీత గీసిన లెక్క మాకు అప్పుడు గుర్తుకొచ్చింది.

"వాసన చూసిన తర్వాత కింద పెట్టేస్తివి కదా చిన్నాయనా" అన్నాము, ఆయనకు ధైర్యం చెప్పినట్టు.

ఆయన మా వైపు తిరిగి చూసినాడు. "మీకు ఎంతసేపు అనిపించింది, నేను కింద పెట్టేదానికి?"

"ఒక నిమిషం కూడా లేదు."

"నాకు చానాసేపు పట్టింది" అన్నాడు.

దానికి మా దగ్గర జవాబు లేదు. చెప్పుకోవడానికి మంచి మాటలు మనసుకు వచ్చినాయి గానీ నోటికి రాలేదు. కింద ఫ్రెండ్సు పాటలు పెట్టుకున్నారు. ఆయనే, "పదండి, పాప ఎదురు చూస్తా ఉంటుంది" అని ముందు దిగినాడు.

కిందికి వచ్చేసరికి చెల్లెలు వంటింట్లో ఉంది. టేబుల్ మీద వదిలిన గ్లాసును, ఖాళీ కుర్చీని చూసి అర్థం చేసుకునిందేమో. చిన్నప్పుడు ఆ పిల్ల, నాయన ఇంటికి వస్తే ముందు పోయి చొక్కా వాసన చూసి వచ్చి అమ్మకు సైగ చేసేదని చిన్నమ్మ చెప్పేది. ఎర్ర స్టిక్కరు జగ్గును రెండు చేతులతో పట్టుకొని సింకులో వంచుతా ఉంది. మేము ఏమీ అనలేదు. చిన్నాయన తలుపు దగ్గర నిలబడి చూసి, "అయ్యో, పండు దండగైపాయె కదమ్మా" అన్నాడు. ఆ పిల్ల ఏడుస్తా నవ్వేసింది. "నాది యేది, ఇవ్వండి" అని అడిగి, పచ్చ స్టిక్కరు జగ్గులోది తీసుకొని, సగం తాగి, "ఉప్పు ఇంకొంచెం పడల్ల" అన్నాడు.

విందు బాగానే జరిగింది. ఫ్రెండ్సుకు జగ్గు జారి ఒలికిపోయిందని చెప్పినాము.

ఆ రాత్రి గిన్నెలు కడుగుతా మేము మాట్లాడుకున్నది ఇది. ఉద్యోగంలో మేము చూసేది ఒకటే. వాడే మనిషి తప్పు బటన్ నొక్కితే ఏమవుతుంది? రెండు రోజులు రుచి టెస్ట్ చేసినాము, రంగు టెస్ట్ చేసినాము, బరువు టెస్ట్ చేసినాము. చెయ్యి తప్పితే ఏమవుతుంది అన్న ఒక్కటి టెస్ట్ చేయలేదు. రెండూ ఒకటే మాదిరి ఉండడం గెలుపు అనుకున్నాము. తప్పు అక్కడే ఉండె. జగ్గుకు స్టిక్కరు పెట్టినాము, తాగే మనిషి చేతిలో ఉండేది మాత్రం గ్లాసు. చిన్నాయనను పక్కన పెట్టినట్టు ఉండకూడదనే కదా చేసినాము అని మాకు మేము చెప్పుకున్నాము. ఆయన్ను ఒక మాట అడిగి ఉంటే, "నాకు స్టీలు లోటాలో ఇవ్వండి, అందరూ చూస్తే చూడనీ" అని ఉండేవాడేమో. ఆయన సంగతి దాచాలనుకున్నది ఆయన కాదు, మేము.

మీ ఇండ్లల్లో కూడా ఇట్లాంటివి చేస్తారు, చేయొద్దని మేము చెప్పము. మానేసినవాళ్లు, చిన్నపిల్లలు, మాత్రలు మింగేవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం జగ్గులో మందు కలపొద్దండి. జగ్గు ఎప్పుడూ ఉత్త పండ్ల రసమే ఉండాల. కావాల్సినవాళ్లు అడిగితే, వాళ్ల గ్లాసులో, వాళ్ల ముందర, కొలిచి పోయండి. ఆ గ్లాసు ఆకారమే వేరేగా ఉండాల. మేమైతే ఇంగ చిన్నాయన ఉన్నప్పుడు అది కూడా చేయము. మిడోరి సీసా తెచ్చినాయనకే తిరిగి ఇచ్చేసినాము.

మందు లేని జగ్గు కొలత ఎనిమిది గ్లాసులకు ఇక్కడ పెడుతున్నాము. వాసన ఉన్న కర్బూజ పండు ఒకటి పెద్దది, వడగడితే అర లీటరు రసం రావాల. నిమ్మరసం 100 మి.లీ., అల్లం రసం నాలుగు చెంచాలు, ఉప్పు పావు చెంచా, చిన్నాయన చెప్పినట్టు ఇంకొంచెం. గ్లాసులో ఐసు, రసం, తర్వాత అంచు వెంబడి ఖస్ సిరప్ 15 మి.లీ., పైన సోడా.

పోయిన శ్రీరామనవమికి ముళబాగిలులోనే ఉన్నాము. జగ్గు ఒకటే. చేత్తో పిసికిన అవ్వ పానకం. చెల్లెలు మాత్రం పట్టుబట్టి అడుగున ఖస్ సిరప్ పోసింది. "అవ్వ చూసి ఉంటే తిట్టేది" అని చిన్నమ్మ అనింది. మొదటి గ్లాసు చిన్నాయనకు ఇచ్చినాము. ఆయన తీసుకొని అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మేమందరమూ చేస్తున్న పని ఆపి చూస్తా ఉంటిమి.

"యాలక్కాయ ఎక్కువైంది" అని తాగేసినాడు.